నవ్వించినాయన పోయాడు, నవ్వులపాలైన నేను ఉన్నాను... సభలో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. గవర్నమెంట్ హైస్కూల్లో టీచర్‌ని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, కుంటుతూ నడుస్తాను. మా ఊళ్లో ఒక హాస్య కళాకారుడు ఉండేవాడు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, వినాయక చవితి మండపాల్లో మిమిక్రీ చేసేవాడు, ఈ మధ్య యూట్యూబ్‌లో కూడా పేరొచ్చింది. ఆయన ఐటమ్స్‌లో ఒకటి 'టీచరమ్మ నడక'. అది నన్ను చూసి కట్టిందేనని మా పేటలో అందరికీ తెలుసు. దాదాపు ఇరవై ఏళ్లు చేశాడు. అలాగని ఆయన పిరికివాడు కాదు. పెద్ద పెద్ద నాయకుల గొంతుల్ని వాళ్ల మనుషుల ముందే అనుకరించేవాడు, ఒకసారి దెబ్బలు కూడా తిన్నాడు. పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు. ఆయన కూతురు నా స్టూడెంట్. వచ్చే వారం సంస్మరణ సభ ఉంది, 'మేడం మీరు మాట్లాడాలి' అని అడిగింది. మా అన్న కొడుకేమో ఆయన పోయిన రోజే 'పీడ విరగడైంది' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు, ఇంట్లో పెద్ద గొడవ. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని మా నాన్న అంటాడు. ఇలాంటి మనిషికి చనిపోయాక గౌరవం ఇవ్వాలా?

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్న ఏమన్నారో రాశారు, మీ మేనల్లుడు ఏం చేశాడో రాశారు, ఆ అమ్మాయి ఏమడిగిందో రాశారు, చివరికి చనిపోయినాయన ధైర్యం గురించి కూడా మీరే రాశారు. ఇరవై ఏళ్లు ఆ ఐటమ్ నడుస్తుంటే మీకెలా ఉండిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. చవితి పందిరి వేసిన సందులోంచి ఇంటికి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోయేవాళ్లేమో, వెనక బెంచీలో ఎవడైనా ఆ నడక నడిస్తే చూడనట్టు బోర్డు వైపు తిరిగి సుద్దముక్క పట్టుకునేవాళ్లేమో. అది చిన్న విషయం కాదు. ఆయనకు గౌరవం ఇవ్వాలా వద్దా అనే లెక్క మీ దెబ్బను పక్కన పెట్టి మొదలుపెడితే ఎప్పటికీ తేలదు.

నా సమాధానం సూటిగా చెప్తాను. ఆ ఇంటికి వెళ్లండి. సభకు కూడా మీకు మనసొప్పితే వెళ్లండి. కానీ ఆయన మహానుభావుడని మీ నోటితో చెప్పాల్సిన పని లేదు. చావుకు ఇచ్చే మర్యాద వేరు, మనిషికి ఇచ్చే మెప్పు వేరు. మొదటిది అందరికీ ఇవ్వాలి, రెండోది ఎవరికి వాళ్లు సంపాదించుకోవాలి, పోయారు కదా అని ఉచితంగా పంచేది కాదు.

మన వైపు చావు జరిగిన ఇంట్లో ఏం చేస్తారో మీకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటివాళ్లు అన్నం, పప్పు, చారు చేసి గిన్నెల్లో పంపుతారు. ఏళ్ల తరబడి మాటల్లేని దాయాదులు కూడా వచ్చి పాడె పట్టుకుంటారు. అప్పిచ్చినవాడైతే దినాలు అయ్యేదాకా ఆ గడప తొక్కడు, పలకరించడానికి వచ్చినా అప్పు మాట ఎత్తడు, అరుగు మీద కాసేపు కూర్చుని పోతాడు. చాలా మంచి పద్ధతి అది. కానీ దినాలు అయ్యాక అదే మనిషి ప్రోనోటు తీసుకుని వస్తాడు, ఊళ్లో ఎవరూ అతన్ని తప్పు పట్టరు. చావుతో అప్పు రద్దు కాలేదు, వాయిదా పడింది, అంతే. మీ నాన్న చెప్పిన మాటను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. ఆ ఇంట్లోవాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగమని మన పెద్దవాళ్లు చెప్పారు గానీ, జరిగింది జరగలేదనమని చెప్పలేదు. చచ్చినవాడి కళ్లు చారెడు అనే సామెత కూడా ఆ పెద్దవాళ్లదే కదా, పోగానే లేని గొప్పలన్నీ అంటగట్టే అలవాటును చూసే పుట్టించారు దాన్ని.

మీ మేనల్లుడి సంగతి. ఆ పిల్లోడి కోపంలో నాకు తప్పు కనపడలేదు. అత్తని చూసి ఊరు నవ్వుతుంటే పెరిగిన పిల్లోడు వాడు. కానీ ఆ స్టేటస్ పెట్టిన రోజు తప్పు, పెట్టిన చోటు తప్పు. వాడి ఫోన్‌లో నంబర్లు ఉన్నవాళ్లంతా చూస్తారు, తండ్రి శవం ఇంట్లో ఉండగా ఆ కూతురు చూస్తుంది. ఇలాంటిదే పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. హిందీ హాస్య కళాకారుడు రాజు శ్రీవాస్తవ్ 2022 ఆగస్టులో జిమ్‌లో గుండెపోటుతో పడిపోయి, ఢిల్లీ ఎయిమ్స్‌లో నలభై రోజులకు పైగా ఉండి, సెప్టెంబరు 21న పోయాడు. పోయిన వెంటనే, పేరున్న కుర్ర స్టాండప్ కమెడియన్ ఒకాయన, మనం పోగొట్టుకున్నదేమీ లేదు అన్నట్టుగా ఒక కామెంట్ పెట్టాడు. కొత్త తరం కమెడియన్లను శ్రీవాస్తవ్ టీవీ చర్చల్లో కూర్చుని దుమ్మెత్తిపోసేవాడని ఆయన ఫిర్యాదు. అది మాట్లాడదగ్గ విషయమే. కానీ జనం దాని గురించి మాట్లాడలేదు, ఆ కామెంట్ గురించే మాట్లాడారు, ఆయన దాన్ని తీసేయాల్సి వచ్చింది, అసలు విమర్శ ఎవరికీ చేరలేదు. మీ మేనల్లుడికి కూడా ఇదే చెప్పండి. వాడి మాట వల్ల ఇప్పుడు పేటంతా 'పాపం ఆయన' అంటోంది, మీ కాలి గురించి ఎవరూ అడగడం లేదు.

చట్టం కూడా ఈ విషయంలో కుటుంబం వైపే చూస్తుంది. పోయినవాళ్ల మీద మాట అంటే పరువునష్టం కాదు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పాత ఐపీసీ 499లో ఉన్నదే, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది: ఆ మనిషి బతికుంటే పరువు పోయే మాట అయ్యుండి, కుటుంబాన్నో దగ్గరి బంధువులనో బాధపెట్టాలనే ఉద్దేశంతో అన్నదైతే అది పరువునష్టం కిందికి రావచ్చు. ప్రజల మంచి కోసం చెప్పే నిజానికి అక్కడే మినహాయింపు కూడా ఉంది. ఒక స్టేటస్‌కి ఎవరో కోర్టుకు పోతారని నేననడం లేదు, మీ నాన్నని మరీ టెన్షన్ పెట్టొద్దు. ఎవరి మనసు చూసుకుని మాట్లాడాలో చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు అని చెప్పడానికే ఇది రాశాను.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ సమాధానం చదివి నేర్చుకుని రాయడం లేదు.

మాది ధర్మవరం పక్క ఒక పల్లె. తోలుబొమ్మలంటే ఇప్పుడు నిమ్మలకుంట పేరు దేశమంతా తెలుసు గానీ, నా చిన్నతనంలో పల్లెలు తిరిగి ఆడే మేళాలు ఇంకా చాలా ఉండేవి. గుడి ముందు గుంజలు పాతి తెల్ల పంచె కట్టేవాళ్లు, వెనక దీపాలు, కాళ్ల కింద చెక్కపలకలు టపటపమనేవి. రాముడు, సీత వచ్చేసరికి మాకు నిద్ర వచ్చేది, కేతిగాడు, బంగారక్క రాగానే లేచి కూర్చునేవాళ్లం. నా తమ్ముడికి నత్తి. ఏడేళ్లుంటాయి వాడికప్పుడు, నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని చూస్తున్నాడు. ఆ సాయంత్రం బొమ్మలాయన మా ఇంటికి నీళ్ల కోసం వస్తే చెంబు తెచ్చిచ్చింది వాడే. రాత్రి ఆటలో కేతిగాడు బంగారక్కను నీళ్లడిగాడు. 'నీ... నీ... నీ... నీళ్లు' అని. ఊరంతా పడిపడి నవ్వింది. నేనూ నవ్వాను. నా చేతిలోంచి వాడి చెయ్యి మెల్లగా లాక్కున్నాడు, ఆ లాక్కున్నది నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. మరుసటి రోజు నుంచి వాడి పేరు మారిపోయింది, పదో తరగతి అయ్యేదాకా ఊళ్లో వాణ్ణి సొంత పేరుతో పిలిచినవాళ్లు తక్కువ.

ఆ బొమ్మలాయన చాలా ఏళ్లకు, ముసలితనంలో పోయాడు. కబురు తెలిసి, దినాలు అయ్యాక నా తమ్ముడు ఒక్కడే ఆ ఊరికి వెళ్లాడు. కొట్లాడటానికి కాదు, ఎందుకో వాడికీ సరిగ్గా తెలియదు. ఆయన కొడుకు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. వాడు నత్తిగానే, ఆగి ఆగి, జరిగిందంతా చెప్పాడు. మీ నాయన ఆటలోనే మొదటిసారి రామాయణం చూశాను, మీ నాయన ఆటలోనే ఊరు నన్ను చూసి నవ్వింది, రెండూ చెప్పిపోదామని వచ్చాను అన్నాడు. ఆ కొడుకు ఏమీ అనలేదట. లోపలికి పోయి పాత పెట్టె తీసి, ఆ కేతిగాడి బొమ్మ తెచ్చి చేతికిచ్చాడట. మేకతోలు, అంచులు అరిగిపోయి, రంగు పోయి ఉంది. ఇంటికొచ్చి నాతో అన్నాడు, 'మూరెడు కూడా లేదక్కా అది' అని. ఆ రోజే నేను వాడికి చెప్పాను, ఆ రాత్రి నేనూ నవ్వానురా అని. 'నాకు తెలుసు' అన్నాడు.

మీ సభ గురించి నాకున్న భయం అక్కడే మొదలవుతుంది. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ నడక చూసి నవ్వినవాళ్లే. ఇరవై ఏళ్లు ఆయన ఒక్కడే చేయలేదు ఆ పని. ఈలలు వేశారు, మళ్లీ చెయ్యమని అరిచారు, చేతిలో నోట్లు పెట్టారు. ఇప్పుడు ఆయన్ని దేవుణ్ణి చేస్తే వాళ్ల నవ్వు కూడా కడిగేసుకున్నట్టవుతుంది. ఇక మీరే వేదిక ఎక్కి రెండు మంచి మాటలు చెప్తే, 'చూశారా, టీచరమ్మే ఏమీ అనుకోలేదు' అనడానికి పేటకు దారి దొరుకుతుంది. ఆ అమ్మాయి మిమ్మల్ని ఈ ఉద్దేశంతో అడిగిందని నేననుకోవడం లేదు. కానీ ఆ వాడకం జరుగుతుంది.

'కళ వేరు, మనిషి వేరు' అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఆ మాట కొన్నిచోట్ల పనికొస్తుంది, ఒక గాయకుడు ఇంట్లో చెడ్డవాడైనా పాట పాటే. ఇక్కడ పనికిరాదు. ఇక్కడ మిమ్మల్ని గుచ్చింది ఆ కళే. ఇంట్లో ఆయన మంచి భర్త, మంచి తండ్రి అయ్యుండవచ్చు, నొప్పి పెట్టింది వేదిక మీదే. 'ఆ కాలం అలాంటిది, అప్పట్లో ఎవరూ తప్పనుకోలేదు' అని ఇంకొకరంటారు. మీరు అనుకున్నారు కదా. ఆ కాలంలో మీరూ ఉన్నారు. మన యాస పెట్టి సినిమాలో విలన్ చేతికి వేటకొడవలి ఇస్తే మనకెంత మండుతుందో సీమలో అందరికీ తెలుసు, అదే మంట ఒంటి మీద ఉన్నవాళ్లకు ఎలా ఉంటుందో తెలియదని మాత్రం ఎవరూ అనలేరు.

అయితే ఆయన రెండో ముఖాన్ని మీరే నిజాయితీగా రాశారు, దాన్ని నేను దాటిపోను. నాయకుల మనుషుల ముందే నాయకుణ్ణి అనుకరించడం కర్నూల్లో చిన్న విషయం కాదు. హాస్యగాడికి సమాజం ఇచ్చిన అసలు లైసెన్సు అదే, ఎవరూ అనలేనిది అనడం. అమెరికాలో లెన్నీ బ్రూస్ అని ఒక కమెడియన్ ఉండేవాడు. మతం మీద, సెక్స్ మీద, పెద్దమనుషుల వేషాల మీద క్లబ్బుల్లో పచ్చిగా మాట్లాడేవాడు. 1964లో న్యూయార్క్ కోర్టు అశ్లీలత కింద ఆయన్ని దోషి అంది. అప్పీలు నడుస్తుండగానే 1966 ఆగస్టులో, నలభై ఏళ్లకే పోయాడు. 2003 డిసెంబరులో, అంటే పోయిన 37 ఏళ్లకు, ఆ రాష్ట్ర గవర్నరు ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు. వివాదం ఉన్న హాస్యగాడు అనగానే అందర్నీ ఒకే గాటన కట్టలేమని చెప్పడానికి ఆయన పేరు ఎత్తాను. ఎవరి వైపు వేలు చూపించి నవ్వించాడు అనేదే నేను చూస్తాను. కొట్టగలిగినవాడి మీద వేసిన జోకుకు, తిరిగి ఒక్క మాట అనలేని ఆడపిల్ల కాలి మీద వేసిన జోకుకు ఒకటే ధర కట్టలేం. మీ ఊరాయన రెండూ వేశాడు, ఒకే మైకులో, ఒక్కోసారి ఒకే రాత్రి. దెబ్బలు తిన్నది మొదటిదానికి, నోట్లు వచ్చింది రెండోదానికి.

2024 జూలైలో సుప్రీంకోర్టు, సినిమాల్లో వికలాంగులను చూపించే తీరు మీద వచ్చిన ఒక కేసులో, ఇదే గీత గీసింది. వైకల్యం గురించి జనంలో ఉన్న తప్పుడు అభిప్రాయాలను ప్రశ్నించే హాస్యం ఒకటి, వైకల్యం ఉన్నవాళ్లను కించపరిచి తక్కువ చేసే హాస్యం ఇంకొకటి, రెండింటినీ ఒకటిగా చూడొద్దంది. మీ నాన్నకు ఇది చదివి వినిపించండి. మీరు ఇరవై ఏళ్లుగా లోపల అనుకుంటున్నది దేశంలోని పెద్ద కోర్టు కాగితం మీద పెట్టింది.

పోయినవాళ్లను ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. కడప సీమ కవిగా చెప్పుకునే కవి చౌడప్ప సంగతి చూడండి. సభలో పది నీతులు, పది బూతులు, పది శృంగార పద్యాలు చదివినవాడే గొప్పవాడని ఆయనే చెప్పుకున్నాడు. మన తెలుగు మాస్టర్లు క్లాసులో నీతులు చెప్పేవాళ్లు, మిగతావి స్టాఫ్ రూంలో గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు, కానీ చౌడప్ప నీతులు మాత్రమే రాశాడని ఎవరూ అబద్ధం చెప్పలేదు. వేమన పేరు మీద కడపలో యూనివర్సిటీయే ఉంది, కదిరి పక్క కటారుపల్లిలో సమాధికి జనం మొక్కుతారు. దొంగ స్వాములను, లోభులను ఆయన ఉతికినట్టు ఇంకెవరూ ఉతకలేదు. ఆడవాళ్ల మీద ఆయన పేరుతో చెలామణి అయ్యే కొన్ని పద్యాలు చదివితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, వాటిని నా కూతురికి నేర్పలేదు. నేర్పకపోవడం వేమనకు అవమానం కాదు. మీ మాట కూడా ఆయనకు అవమానం కాదు, అది నిజమైతే, ఆ ఇంటిని పొడవడానికి చెప్పింది కాకపోతే.

ఇక చేయాల్సిన పని. సభ కంటే ముందే, ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లండి. పలకరింపు మీరు ఇంకా చేసి ఉండకపోతే ముందు అది చేయండి, ఆయన భార్య పక్కన కాసేపు కూర్చోండి, ఆమె ఏం చెప్పుకుంటే అది వినండి. ఆమె దగ్గర నడక మాట ఎత్తొద్దు. తర్వాత ఆ అమ్మాయిని ఒక్కదాన్నే బయటికి పిలిచి మాట్లాడండి. చిన్నపిల్ల కదా అని దాచొద్దు, ఆ ఐటమ్ ఎవరిదో ఆమెకు తెలిసే ఉంటుంది, తెలిసీ మిమ్మల్నే ఎందుకు అడిగిందో నాకు అనుమానంగా ఉంది. తండ్రి తరఫున ఏదో సరిచేసుకోవాలని ఆమెకు ఉండొచ్చు, ఎలా అడగాలో తెలియక మైకు చేతికిస్తానంది. ఆమెను ఒక్క విషయం తప్పకుండా అడగండి: సభలో తెర మీద ఆయన పాత వీడియోలు వేస్తారా, వాటిలో ఆ నడక ఉందా? ఈ రోజుల్లో ఏ సంస్మరణ సభ అయినా తెర లేకుండా జరగదు. అది వేస్తామంటే, లేదా వేయమని గట్టిగా మాట ఇవ్వలేకపోతే, మీరు వెళ్లొద్దు. ఆ హాల్లో అందరూ మళ్లీ నవ్వుతుంటే మీరు మొదటి వరుసలో దండ పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఈ భూమ్మీద ఎవరి కోసమూ లేదు.

వేయరు, మీకూ మాట్లాడాలని ఉంది అంటే, ఇలా చెప్పొచ్చు. నా మాటలు వాడుకోండి, మార్చుకోండి: 'ఈయన కూతురు నా విద్యార్థిని, ఆమె కోసం వచ్చాను. చాలామంది భయపడి మూసుకున్న నోరు ఈయన తెరిచాడు, దానికి దెబ్బలు తిన్నాడు, అది ఈ ఊరు మర్చిపోకూడదు. ఈయన చేసిన ఒక నడక ఉంది, అది నా నడక. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలిగింది. ఆయన ఉన్నప్పుడు చెప్పలేకపోయాను. మా స్కూల్లో నాలాగా నడిచే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల నడకను ఎవరూ ఐటమ్ చేయొద్దని అడుగుతున్నాను.' ఇంతే, రెండు నిమిషాలు. క్షమించాను అని చెప్పొద్దు, మీకు నిజంగా అలా అనిపిస్తే తప్ప. సభలో ఆ మాట కోసం ఎదురుచూస్తారు, మీ మొహం వైపే చూస్తారు, అయినా సరే.

ఈ మాటల్ని ముందే కాగితం మీద రాసి ఆ అమ్మాయికి చూపించండి. ఆమె ఒప్పుకోకపోతే కోప్పడకండి, తండ్రి పోయి నెల కూడా కాలేదు. అప్పుడు మైకు తీసుకోవద్దు. వెనక వరుసలో కూర్చుని, ఆమె మాట్లాడేదాకా ఉండి, కనపడి వచ్చేయండి. ఆ కాగితం దాచిపెట్టండి. వచ్చే చవితికి ఇంకో కుర్రాడు అదే ఐటమ్ ఎత్తుకుంటాడు, ఎత్తుకోకుండా ఉండడు, అప్పుడు ఆ మండపం కమిటీ దగ్గరికి మీ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. వాడి కోపానికి అక్కడ పని ఉంది.